మసి గొట్టం గురి

మూతి నుంచి మందు దట్టించే తుపాకి గొట్టం కడక్కూడదు, మసి ఉంటేనే గురి కుదురుద్దని మన పెద్దోళ్లు కొందరు ఇంకా అంటారు. నేనొప్పుకోను. నూనె తడి ఉన్న గొట్టంలో తొలి దెబ్బ తుస్సుమనే మాట నిజమే. దానికి పొడిగుడ్డతో తుడిచి, ఉత్త టోపీ ఒకటి పేల్చుకుంటే చాలు. మసి దాచుకోవడం ఎందుకు?

నల్లమందు మసి తేమ పీల్చుద్ది. మన మొగల్తూరు ఉప్పుగాలికి కొడవలే తుప్పెక్కుద్ది, గొట్టం సంగతి చెప్పాలా! మసి పేరుకుంటే గుండు అడుగుదాకా దిగదు. మందుకీ గుండుకీ మధ్య ఖాళీ ఉంటే గొట్టం పగలొచ్చు, పోయేది మన చెయ్యి. మా నాన్నగారు పేల్చిన రోజే వేణ్ణీళ్లతో కడిగి, ఆరబెట్టి, నూనె పూసేవారు.

1959 ఆయుధాల చట్టంలో పంట కాపలాకి ఈ తుపాకి లైసెన్సు ఉంది. 1972 చట్టం వచ్చాక అడవి జంతువుల వేట మాత్రం నేరం. లైసెన్సు తుపాకి ఉన్నోళ్లు పాత మందు లోపల మిగిలిందేమో ముందు ఊచ దించి కొలవండి.