హేవలాక్ బ్రిడ్జిని కింద నుంచి చూడండి

రాజమండ్రి వచ్చినవాళ్ళందరూ ఫొటోలు దిగేది ఆర్చి బ్రిడ్జి ముందే. దిగనివ్వండి, అందగత్తే కదా! నా బాధల్లా దాని అక్క హేవలాక్ బ్రిడ్జి గురించి. 97 ఏళ్ళు రైళ్ళు మోసి 1997లో రిటైరైంది. దాన్ని పర్యాటక కేంద్రం చేస్తామని ఎప్పట్నుంచో అంటున్నారు. సంతోషమే. కానీ ఎవరి నోట విన్నా రంగురంగుల లైట్లు, ఫుడ్ కోర్టులు. నీళ్ళలో నిలబడ్డ ఆ రాతి స్తంభాల ఊసు ఎత్తేవాళ్ళేరీ?

అసలు పనితనమంతా అక్కడే, మన కంటికి ఆనని చోట ఉంది. గోదావరి అడుగంతా ఇసుక. దాని మీద రాయి పేర్చితే మొదటి వరదకే కొట్టుకుపోతుంది. అందుకని ముందు నూతులు దించారు. అడుగున పదునైన ఇనుప చట్రం, దాని మీద గుండ్రంగా కట్టుబడి. లోపలి ఇసుక తోడేస్తుంటే కట్టిన బరువుకే నుయ్యి కిందికి దిగుతుంది. దిగినకొద్దీ పైన మళ్ళీ కట్టాలి. ఒక పక్కకి ఒరిగిందా, దాన్ని నిలువు చేసేసరికి ప్రాణం పోతుంది. గట్టి నేల తగిలాక లోపల కాంక్రీటు నింపి, ఆ పైన రాతి స్తంభం లేపుతారు. ఇలా నదికి అడ్డంగా 56 ఖానాలు. ఒక్కోటి 150 అడుగులు.

1897 నవంబరులో మొదలుపెట్టి 1900 ఆగస్టుకల్లా రైలు నడిపేశారు. మధ్యలో వచ్చే వరద నెలల్లో ఏటిలో పని సాగదు, అది కూడా లెక్కలో వేసుకోండి. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరదకి కూడా ఆ స్తంభాలు చలించలేదు.

కట్టించిన ఇంజనీరు వాల్టన్. అంతకుముందు కాశీలో గంగ మీద డఫరిన్ బ్రిడ్జి కట్టింది కూడా ఆయనే. పేరు మాత్రం మద్రాసు గవర్నరు హేవలాక్‌ది పెట్టారు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన కాటన్ దొరకి దండం పెట్టే ఊళ్ళో వాల్టన్ ఎవరంటే తెల్లమొహం వేస్తారు. ఇక నూతుల్లో ఇసుక తోడిన కూలీల మాట, రాళ్ళు చెక్కినవాళ్ళ మాట అడిగేదెవరు?

లైట్లు పెట్టండి, వద్దనను. ఆ డబ్బులోనే నుయ్యి ఎలా దిగిందో చూపించే నమూనా ఒకటి రాజమండ్రి వైపు, ఒకటి కొవ్వూరు వైపు పెట్టండి, పిల్లలకి అర్థమయ్యే తెలుగులో. అంతకంటే ముందు పడవేసుకుని వెళ్ళి స్తంభాలు ఒక్కొక్కటీ చూడండి. రాళ్ళ సందుల్లో రావి మొక్క మొలిచి ఉంటే, వేరు దిగకముందే పీకించి సున్నం పూయించండి.