గెలుపు కంటే లెక్క ముఖ్యం

ఎన్నికల ఫలితాలు వెలువడగానే గెలిచిన శాసనసభ్యుడు పూలదండలతో వీధుల్లోకి రావడం, తన ప్రాధాన్యాలను ఏకరువు పెట్టడం మనకు అలవాటైన దృశ్యమే. రోడ్లు, మంచినీళ్లు, మురుగు కాల్వలు, శ్మశాన స్థలాలు... ఈ జాబితాను అయిదేళ్లకోసారి వింటూనే ఉన్నాం. అయితే ఆ సభ్యుడు శాసనసభలో ఏ కమిటీలో చేరాడు, అక్కడ ఏమి అడిగాడు అని మనలో ఎంతమంది ఆరా తీస్తున్నాం? ఉప్పల్, నాచారం వాసులకు ఈ ప్రశ్న మరీ ముఖ్యం.

ఎందుకంటే ఉప్పల్ చరిత్ర కాస్త ప్రత్యేకమైనది. నియోజకవర్గాల పునర్విభజనతో ఏర్పడిన ఈ స్థానానికి 2009లో తొలిసారి ఎన్నిక జరిగింది. కాంగ్రెస్ అభ్యర్థి బండారి రాజిరెడ్డి గెలిచారు. 2014లో బి.జె.పి.కి చెందిన ఎన్.వి.ఎస్.ఎస్. ప్రభాకర్, 2018లో టి.ఆర్.ఎస్. అభ్యర్థి బేతి సుభాష్‌రెడ్డి, 2023లో బి.ఆర్.ఎస్. అభ్యర్థి బండారి లక్ష్మారెడ్డి నెగ్గారు. చివరిసారి పార్టీ మారలేదు, దాని పేరు మారింది. సిట్టింగ్ సభ్యుడికి మాత్రం టికెట్ దక్కలేదు. నాలుగు ఎన్నికలు, నలుగురు సభ్యులు. రెండోసారి గెలిచినవారు ఒక్కరూ లేరు.

ఓటరు మార్పు కోరడం తప్పు కాదు. కాని సభ్యులు మారినంత వేగంగా పనులు సాగడం లేదు. వరంగల్ రహదారిపై ఉప్పల్ నుంచి నారపల్లి వరకు ఆరు కిలోమీటర్లకు పైగా సాగే వంతెనకు 2018 మేలో కేంద్రమంత్రి నితిన్ గడ్కరీ శంకుస్థాపన చేశారు. 2024 ముగిసేనాటికి కూడా అది పూర్తి కాలేదు. ఈలోగా ముగ్గురు శాసనసభ్యులను చూశాం. జాతీయ రహదారి పని ఒక్క శాసనసభ్యుడి చేతిలో ఉండదన్నది నిజమే. ఉప్పల్‌కు 2017లో మెట్రో రైలు వచ్చింది, 2023లో చౌరస్తాలో ఆకాశవంతెన తెరుచుకున్నది. వాటినీ కాదనలేం. అయితే ఆగిన పని ఎందుకు ఆగిందో అడిగి, జవాబు రాబట్టి ప్రజలకు చెప్పే బాధ్యత సభ్యుడిదే కదా!

ఆ అడిగే చోటు సభ ఒక్కటే కాదు, కమిటీ గది కూడా. వాటిలో ప్రధానమైనది ప్రజా పద్దుల కమిటీ. కాగ్ నివేదికలు సభ ముందుకు వచ్చాక ఈ కమిటీ వాటిని పరిశీలిస్తుంది, అధికారులను పిలిపించి ప్రశ్నిస్తుంది. మంత్రులకు ఇందులో స్థానం లేదు. లోక్‌సభలో 1967 నుంచి అధ్యక్ష పదవిని ప్రతిపక్షానికి ఇచ్చే ఆనవాయితీ ఉంది. ఖర్చుపెట్టినవారే లెక్క చూసుకోరాదన్నది దీని అంతరార్థం.

మన నగరంలోనే రెండు ఉదాహరణలున్నాయి. 2018లో చాంద్రాయణగుట్ట నుంచి తిరిగి ఎన్నికైన అక్బరుద్దీన్ ఒవైసీకి 2019లో ఈ పదవి లభించింది. 2023లో శేరిలింగంపల్లి నుంచి మూడోసారి గెలిచిన అరికెపూడి గాంధీని 2024 సెప్టెంబరులో ఈ స్థానంలో కూర్చోబెట్టారు. ఆయన బి.ఆర్.ఎస్. టికెట్‌పై గెలిచి, అదే ఏడాది జులైలో ముఖ్యమంత్రి సమక్షంలో కాంగ్రెస్ వైపు వెళ్లినందున ఆ పదవి ప్రతిపక్షానిది కాకుండా పోయిందని బి.ఆర్.ఎస్. నిరసించింది. రికార్డుల ప్రకారం ఆయన ఆ పార్టీ సభ్యుడేనని ప్రభుత్వ పక్షం వాదించింది. వాదనలు ఎలా ఉన్నా, లెక్క అడిగే కుర్చీ ఎవరి పక్షాన ఉందన్న సందేహం ప్రజల్లో కలగడమే పెద్ద నష్టం.

దీనికీ నాచారానికీ సంబంధం ఏమిటని పాఠకులు అడగవచ్చు. నాచారం పారిశ్రామికవాడ కార్మికుల బస్తీ. ఇక్కడి ఇ.ఎస్.ఐ. ఆసుపత్రికి వచ్చే కార్మికుడి జీతం నుంచి 2019 జులై నుంచి 0.75 శాతం, యజమాని నుంచి 3.25 శాతం జమ అవుతున్నది. అంటే అది దానం కాదు, చెమటోడ్చిన సొమ్ము. అదే ఏడాది రాష్ట్ర ఇ.ఎస్.ఐ. మందుల కొనుగోళ్లలో అక్రమాలు జరిగాయంటూ ఎ.సి.బి. అధికారులను అరెస్టు చేసింది. నేరమా కాదా అన్నది న్యాయస్థానం తేలుస్తుంది. కాని ఏ మందు ఎంత ధరకు కొన్నారు, అది రోగికి అందిందా అని ముందుగానే అడగవలసిన పని ప్రజాప్రతినిధులది.

అల్పసంఖ్యాక వర్గాల సంక్షేమ నిధుల సంగతీ అంతే. బడ్జెట్‌లో చూపిన మొత్తం వేరు, విడుదలైన మొత్తం వేరు, ఖర్చయినది వేరు. మొదటి అంకె విని చప్పట్లు కొడతాం, మూడో అంకె ఎవరూ అడగరు.

కమిటీలు సిఫార్సు మాత్రమే చేయగలవు, శిక్షించలేవు. అందుకే వాటి వెనుక ప్రజల నిఘా ఉండాలి. శాసనసభ్యుడు మన మొహల్లాకు వచ్చినప్పుడు శాలువా కప్పేముందు రెండు మాటలు అడుగుదాం. మీరు ఏ కమిటీలో ఉన్నారు? మా గురించి అక్కడ ఏమి అడిగారు? సూటిగా జవాబు చెప్పగలిగిన వ్యక్తిని, ఏ పార్టీవారైనా సరే, రెండోసారి గెలిపించడానికి ఉప్పల్ ఓటరు వెనుకాడనక్కరలేదు. చెప్పలేనివారికి మరో అవకాశం ఎందుకివ్వాలో వారే చెప్పుకోవాలి.