మణికట్టుకి దిండు చాలా?

ఆ మధ్య మా ఆఫీసులో తలా ఒక బహుమతి పంచారు. కీబోర్డు ముందు పెట్టుకునే జెల్ దిండు. దాని మీద మణికట్లు ఆనించుకోవచ్చు, ఊరికే కూర్చున్నప్పుడు చివర ఉన్న ఉబ్బెత్తు బంతిని పిడికిట్లో పట్టుకుని పిసుకుతూ వ్యాయామమూ చేసుకోవచ్చు. ఒకే వస్తువు రెండు పనులకి పనికొస్తుందంటే మనవాళ్ళకి ఎంత ఆనందమో మీకు తెలియనిది కాదు. నేనూ సంబరపడ్డాను.

సంబరానికి ఇంకో కారణం కూడా ఉంది. అప్పటికి రెండు నెలలుగా అర్ధరాత్రి కుడిచేతి తిమ్మిరితో మెలకువ వచ్చేస్తోంది. కాసేపు విదిలిస్తే సర్దుకునేది. రిలీజు అయ్యాక చూసుకుందాంలే అని వాయిదా వేస్తున్నాను. దిండు రాగానే మందు దొరికినట్టయింది. రోజంతా మణికట్టు దానికే ఆనించి టైపు చేశాను, బిల్డు నడుస్తున్నంతసేపూ బంతి పిసికాను. మూడు వారాలు తిరక్కుండానే కాఫీ కప్పు చేతిలోంచి జారిపోయింది.

డాక్టరు హ్యాండ్ థెరపిస్టు దగ్గరికి పంపాడు. ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, “చిటికెన వేలు కూడా తిమ్మిరెక్కుతోందా?” అని. లేదన్నాను. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపు వేలిలో సగం. ఇంతవరకే అయితే అనుమానించాల్సింది మీడియన్ నరాన్నిట. మణికట్టు దగ్గర చిన్న ఎముకల మధ్య ఒక ఇరుకు సొరంగం ఉంటుంది. వేళ్ళని ముడిచే తొమ్మిది స్నాయువులూ, ఈ నరమూ అందులోంచే వెళ్ళాలి. పైన గట్టి పట్టీ లాంటి లిగమెంటు మూత. లోపల ఏ కాస్త వాచినా, బయట నుంచి ఏ కాస్త నొక్కినా నలిగేది నరమే. కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ అంటే ఇదే.

ఇప్పుడు మన దిండు సంగతి చూడండి. టైపు చేస్తూ మణికట్టు ఆనిస్తే మనం నొక్కేది సరిగ్గా ఆ సొరంగం మూతనే. అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా చెప్పే సలహా వేరు: టైపు చేసేటప్పుడు చేతులు దిండుకి పైన స్వేచ్ఛగా కదలాలి, ఆగినప్పుడు మాత్రమే ఆనించాలి, అదీ మణికట్టుని కాదు, అరచేతి మడమని. ఇక వ్యాయామం. పిడికిలి గట్టిగా బిగిస్తే సొరంగంలో ఒత్తిడి పెరుగుతుంది. పైగా రోజంతా మీటలు నొక్కి అలిసిపోయింది కూడా వేళ్ళని ముడిచే ఆ కండరాలే. పట్టు బలహీనపడ్డవాళ్ళకి థెరపిస్టు లెక్కగా చేయించే పిసుకుడు వేరు, తిమ్మిరెక్కిన చేత్తో నేను చేసిన నిర్వాకం వేరు.

అలాగని తప్పంతా కీబోర్డు మీదికి నెట్టడం కూడా న్యాయం కాదు. 2003లో వెలువడిన ఒక డెన్మార్క్ అధ్యయనం దాదాపు 7,000 మంది ఉద్యోగులని ఏడాదిపాటు పరిశీలించింది. వాళ్ళకి అనుమానం వచ్చింది మౌస్‌ని వారానికి 20 గంటలు దాటి వాడటం మీద, కీబోర్డు మీద కాదు. మధుమేహం, థైరాయిడ్ లోపం, గర్భం కూడా ఈ జబ్బుకి దారితీస్తాయి. షుగరు ఎక్కువగా ఉన్న మన కుటుంబాలు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి. దిండు కొనడానికి వెళ్ళేముందు డాక్టరు దగ్గరికి వెళ్ళాలనేది అందుకే.

నా అసలు ఫిర్యాదు దిండు మీద కాదు, దాని వెనకున్న ఆలోచన మీద. చేతికి కావలసింది విరామం. కంపెనీ ఇచ్చింది విరామం లేకుండా పని సాగే ఏర్పాటు. ఆఖరికి వ్యాయామం కూడా కుర్చీలోంచి లేవకుండానే! బ్రిటన్‌లో 1992 నాటి నిబంధనల ప్రకారం తెర ముందు పనికి మధ్య మధ్య విరామాలు ఏర్పాటు చెయ్యాల్సిన బాధ్యత యజమానిదే. రెండు గంటలకోసారి 20 నిమిషాల కన్నా, గంటకోసారి 5 నుంచి 10 నిమిషాలు మేలని అక్కడి అధికారుల సలహా. అమెరికాలో ఇలాంటి గాయాల నివారణకి ఓషా 2000 నవంబరులో ఎర్గొనామిక్స్ నియమం తెచ్చింది. 2001 మార్చిలో కాంగ్రెస్ దాన్ని కొట్టేసింది. దేశమంతటికీ వర్తించే అలాంటి నియమం ఆ తరవాత రాలేదు.

చట్టం లేనిచోట నోరు విప్పాల్సింది మనమే. విప్పుతామా? వీసా రెన్యువల్, గ్రీన్‌కార్డు క్యూ, ఇంటి అప్పు. “చెయ్యి నొప్పి” అంటే మేనేజరు ఏమనుకుంటాడో అని దాచుకుంటాం. నేనూ దాచాను. చివరికి చెప్తే ఆయన అన్నది ఒక్కటే: “ముందే చెప్పాల్సింది.” అందరికీ అలాంటి మేనేజరే దొరుకుతాడని నేను హామీ ఇవ్వలేను. కానీ దాచినంతకాలం నలిగింది మాత్రం నా నరమే.

ఇప్పుడు రాత్రి మణికట్టు వంగకుండా స్ప్లింటు కట్టుకుని పడుకుంటున్నాను. మౌస్ ఎడమచేతికి మార్చాను. గంటకోసారి లేచి మంచినీళ్ళకి వెళ్తాను. తిమ్మిరి చాలావరకు తగ్గింది.

ఫోనులో అమ్మకి దిండు కథంతా చెప్తే, “చెయ్యి నొప్పెడితే కాసేపు పని ఆపాలి గానీ, దానికి పరుపెందుకురా నాయనా?” అంది. ఇంతకన్నా మంచి ఎర్గొనామిక్స్ నేనెక్కడా చదవలేదు.