నల్లబల్లయు, మామిడి మండీయు

కంటికి కానరాని దానిని బోధింపవలెనన్నచో, కంటికి కనబడు వస్తువుతో పోల్చి చెప్పుట సులభమైన మార్గము. కంప్యూటరును నడపు సాఫ్టువేరు అట్టి కానరానిది. దానికి రూపము లేదు, బరువు లేదు. కావున దాని కూర్పును వివరించువారు తొలినుండియు ఉపమానములనే ఆశ్రయించిరి.

వానిలో మిక్కిలి ప్రచారము పొందినది ఇల్లు కట్టుట. ఈ పోలిక నాకంతగా రుచింపదు. ఇల్లు లేచిన పిదప పునాదిని ఎవరును కదలింపరు. సాఫ్టువేరన్ననో, వాడుకలో నున్నంతకాలము మాఱుచునే యుండును. ఇల్లు కట్టు పోలికకు కాలము చెల్లినదనియు, సాఫ్టువేరును కట్టుటకంటె పెంచుట మేలనియు 1986లో ఫ్రెడరిక్ బ్రూక్స్ అను అమెరికా పండితుడు వాదించెను.

ఇంతకంటె చక్కని ఉపమానమును పెంపొందించినవారిలో మన సీమవా రొకరు గలరు. రాజ్ రెడ్డిగారు 1937లో నాటి చిత్తూరు జిల్లాలోని కాటూరున జన్మించిరి. 1994లో ట్యూరింగ్ పురస్కారము నందిరి. 1970వ దశకమున కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున వారును, వారి సహచరులును మనుష్యుల మాటను గ్రహించు ‘హియర్‌సే’ అను సాఫ్టువేరును నిర్మించిరి. హియర్‌సే యనగా వినికిడి మాట. పేరులోను చమత్కారము గలదు. దాని కూర్పునకు వారు గైకొన్న పోలిక తరగతిగదిలోని నల్లబల్ల.

ఒక బల్లచుట్టును పలువురు నిపుణులు నిలిచియున్నారని యూహింపుడు. ఒకనికి ధ్వనులు మాత్రమే తెలియును, ఒకనికి పదములు, ఒకనికి వాక్యరీతి. ధ్వని నెఱిగినవాడు తనకు వినబడిన ‘మిడి’ అను తునుకను బల్లపై వ్రాయును. పదము నెఱిగినవాడు దానిని చూచి ‘మామిడి’ కావచ్చునని వ్రాయును. వాక్యము నెఱిగినవాడు ‘కోసితిమి’ అను తరువాతి మాటతో సరిచూచి, దానిని నిలుపును. ఒకరితో నొకరు మాటాడరు. అందఱును బల్లనే చూతురు. క్రొత్త నిపుణుని చేర్చుకొనవలెనన్న, తక్కినవారి పనిని పెద్దగా మార్చనక్కఱలేదు. ఎనిమిదవ తరగతి బాలునికి దీనిని చెప్పిన చాలును. ఎదుటనే బల్ల యున్నది గదా!

మా బంగారుపాళ్యములో నైనచో నేను మామిడి మండీని చూపుదును. తోతాపురి కాయలు దిగు వేసవిలో బండి కాటా యెక్కును. కాటా చీటీ చేతికి వచ్చును. గుజ్జు కర్మాగారములో లెక్క వ్రాయు గుమాస్తాకు ఆ చీటీ చాలును. తోటకు నీరెట్లు పాఱినది, కాయలెవరు కోసిరి అను సంగతులతో ఆతనికి పనిలేదు. తోటలో పద్ధతి మాఱినను, చీటీ మాఱనంతవఱకు ఆతని లెక్క చెడదు. సాఫ్టువేరులోని ఒక భాగము తన లోపలి మర్మమును దాచి, పైకి కావలసినంత మాత్రమే చూపవలెనని 1972లో డేవిడ్ పార్నాస్ చెప్పినదియు ఇదియే.

అయినను ఈ పోలిక యొకచోట కుంటుపడును. కాయలమ్మిన రైతు బండి ఖాళీ యగును. సమాచారమన్ననో, ఇచ్చినవానియొద్దను నిలిచియే యుండును. ఈ భేదమును చెప్పక విడిచిన ఉపాధ్యాయుడు పిల్లలకు అపకారము చేసినవాడగును. ఇట్టి చిక్కులను తలచియే కాబోలు, డైక్‌స్ట్రా అను గణితవేత్త 1988లో, కంప్యూటరు శాస్త్రము పూర్తిగా క్రొత్తది, పాత పోలికలతో దానిని బోధించుట తప్పని గట్టిగా వ్రాసెను. గణితము చేతనైనవారికి ఆ మాట చెల్లును. ఆంగ్లపదములు వినినంతనే బెదరి, ఈ విద్య తమకు కాదని వెనుకకు జరుగు పల్లెబిడ్డలకు అది తలుపు మూయుటయే యని నా అభిప్రాయము.

ఒకమాఱు నేనీ కాటా కథను చెప్పుచుండగా ఒక బాలిక లేచి, “అయ్యా, రెండు బండ్లు ఒక్కమాఱే వచ్చిన, చీటీ ముందెవరికి?” అని యడిగెను. నల్లబల్ల యొద్దకు నిపుణులందఱు ఒక్కమాఱే వచ్చినచో ముందెవరు వ్రాయవలెనో నిర్ణయించుటకు హియర్‌సేలో ప్రత్యేకముగా ఒక భాగమునే యుంచిరి. ఆ సంగతి నేనింకను ఆమెకు చెప్పనేలేదు.