పత్తి మనది, పాలిస్టర్ మనకు

పోస్టు పొడుగ్గా ఉంటది. ఇప్పుడు టైం లేకుంటే ఆదివారం చదవండి, కానీ పూర్తిగా చదవండి.

"బట్టలు, పర్యావరణం అనేది పట్నం పిల్లల ముచ్చట. మనకు కట్టుకోను గుడ్డ దొరికితే అదే పదివేలు." ఈ మాట మన ఇండ్లల్ల అంటరు, హాస్టల్‌ల అంటరు, మన సంఘం మీటింగులల్ల కూడా అంటరు. అనేటోళ్ల మీద మాకు కోపం లేదు. కానీ ఆ మాట తప్పు. ఆ మాటను మనం ఒప్పుకున్నన్ని రోజులు బట్ట అసలు ఖర్చు మన నెత్తి మీదనే పడుతుంది. షాపుల ట్యాగ్ మీద రాసేది బట్ట ధరలో ఒక ముక్క మాత్రమే. మిగతాది ఎవరి చేను కడుతుంది, ఎవరి ఒళ్లు కడుతుంది, ఎవరి వాగు కడుతుంది అని అడగాలె. అడిగితే మూడు సార్లూ మన పేరే వస్తది.

మొదట చేను సంగతి.

బట్టల వల్ల పర్యావరణానికి ఎంత నష్టం అని లెక్క కట్టేటోళ్లు మొదట నీళ్ల లెక్క చెప్తరు. ఒక కాటన్ టీషర్టుకు 2,700 లీటర్ల నీళ్లు అని. అది ముఖ్యమైన లెక్కే. కానీ మన ఉట్నూరు, ఇంద్రవెల్లి, ఆసిఫాబాద్ చేన్లకు అది సరిగ్గా అతకదు. మన పత్తి ఎక్కువ శాతం వానకే పండుతది. మన దగ్గర లెక్క కట్టాల్సింది మందు, అప్పు, తిండి.

2002లో దేశంలో బీటీ పత్తికి అనుమతి ఇచ్చిన్రు. కాయ తొలిచే పురుగు రాదు, మందు కొట్టుడు తగ్గుతది అన్నరు. మొదట్ల తగ్గింది కూడా. తర్వాత గులాబీ రంగు పురుగు ఆ విత్తనానికి అలవాటు పడ్డది. పచ్చదోమ, తెల్లదోమ అయితే ఎట్లాగూ పోలేదు. మళ్లీ మందు డబ్బాలు మొదలైనయ్. ఇప్పుడు వాటి మీద గడ్డి మందు. "గడ్డి మందు కొట్టినా మొక్క చావదు" అని చెప్పి, అనుమతి లేని విత్తనం సంచులల్ల పెట్టుకొచ్చి మన గూడేలల్ల అమ్ముతున్నరు. రశీదు ఉండదు. మొలవకపోతే అడిగే దిక్కు ఉండదు. ఆ గడ్డి మందు పేరు గ్లైఫోసేట్. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద ఉండే క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో దాన్ని "మనుషులకు బహుశా క్యాన్సర్ కలిగించేది" అనే వర్గంలో పెట్టింది.

2017లో పెన్‌గంగ అవతల యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ విషం ఎక్కి 20 మందికి పైగా చనిపోయిన్రు. వందల మంది దవాఖాన పాలైన్రు. యవత్మాల్ మనకు పరాయి దేశం కాదు. అదే పత్తి, అదే నల్లరేగడి. మన పిల్లనిచ్చిన, పిల్లను తెచ్చుకున్న సుట్టాలున్న నేల. మందు డబ్బా మీద చేతి తొడుగుల బొమ్మ, మాస్క్ బొమ్మ ఉంటది. మన నాయనలు మూతికి తువ్వాల చుట్టుకొని కొడతరు. సాయంత్రం ఆ తువ్వాలను, ఆ చొక్కాను అమ్మలు ఇంటిల్లిపాది బట్టల్లో కలిపి ఉతుకుతరు. ఇంట్లో చంటిపిల్ల బట్ట కూడా అందులోనే ఉంటది. ఈ విషం ఏ లెక్కల పుస్తకంల ఎక్కింది?

ఇక తిండి. జొన్న, కంది, పెసర కలిపి వేసిన చెల్కలల్ల ఇప్పుడు గట్టు దాకా పత్తే. జొన్న గట్క తిన్న ఇండ్లల్ల ఇప్పుడు రేషన్ బియ్యమే మూడు పూటలు. మన ఆడపిల్లలకు రక్తం తక్కువ ఉందని హాస్టల్‌ల ఐరన్ గోళీలు ఇస్తరు. ఆ గోళీకి, మన చేన్లకు వెళ్లి జొన్నను తరిమిన పత్తికి సంబంధం ఉందని మాత్రం ఎవరూ చెప్పరు.

ఇంతా చేస్తే మనకు వచ్చేది ఎంత? 2024-25లో పొడవు పింజ పత్తికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాల్‌కు 7,521 రూపాయలు. క్వింటాల్ పత్తిని జిన్నింగ్ పడితే దూది సుమారు 33 కిలోలు వస్తది. వడుకుడు, నేసుడులో తరుగు పోను గుడ్డ 25 కిలోలు అనుకుందాం. చొక్కాకు పావుకిలో. అంటే 100 చొక్కాలు. పూర్తి మద్దతు ధర దొరికినా, ఒక్కో చొక్కాకు మనకు ముట్టేది 75 రూపాయలు. అందులోనే విత్తనం, ఎరువు, మందు, ఏరిన కూలి, మిత్తి. తేమ 12 శాతం దాటితే సీసీఐ కొనదు. పట్టా లేని పోడు రైతు తన పేరు మీద అమ్ముకోలేక దళారి తూకానికి తల వంచాలె. ఆ చొక్కా పట్నంల ఎంతకు అమ్ముతున్నరో మీకు తెల్సు.

పత్తి ఏరే నెలలల్ల మన బడి హాజరు పుస్తకం చూడండి. ఎవరి పేరు ముందట "ఆ" అని పడుతుందో చూడండి. పిల్లల వేళ్లు చిన్నగుంటయ్, కాయలోంచి దూది సులువుగా వస్తది అని మెచ్చుకుంటరు. ఆ మెచ్చుకోలు తోటి ఎంతమంది ఏడో తరగతిల ఆగిపోయిన్రో మన గ్రూపుల ప్రతి ఒక్కరికీ ఒక పేరు గుర్తొస్తది.

రెండోది ఒళ్లు.

పత్తి పండించే జిల్లా పిల్లలం మేం. మా ఒంటి మీద యూనిఫాం గుడ్డ మాత్రం ఎక్కువ భాగం పాలిస్టర్. పాలిస్టర్ ముడి చమురు నుంచి వచ్చే సరుకు, ప్లాస్టిక్ నీళ్ల సీసా జాతిది. అది చెమట పీల్చదు. రేకుల కప్పు కింద, ఒక్క ఫ్యాన్‌కు ఇరవై మందిమి పడుకునే గదుల్లో, ఆరీ ఆరని బట్టలు వేసుకుంటే తామర పట్టకుండా ఎట్లుంటది? గజ్జి వేరు. అది పురుగు తోటి వస్తది, పంచుకున్న దుప్పట్ల తోటి పాకుతది. కానీ తామరకు చెమట, తడి, గాలి ఆడని గుడ్డ కావాలె. మూడూ మాకు ఉచితం. పాలిస్టర్‌కు వేసే కొన్ని రకాల రంగులు చెమటకు వదిలి చర్మానికి దురద పెడతయని చర్మ వైద్యులు చెప్తరు. మన దగ్గర మాత్రం "స్నానం సరిగ్గా చేయరు వీళ్లు" అని ఒక్క మాట తోటి తీర్పు అయిపోతది.

ఇండ్లల్ల సంగతి ఇంకా ఉంది. నూలు చీర పాతదైతే అది చావదు. బొంత అయితది, ఉయ్యాల అయితది, చంటిపిల్లకు పక్కగుడ్డ అయితది, నెత్తి మీద బిందెకు సుట్టబట్ట అయితది. చెల్లెళ్లకు నెలసరి గుడ్డ కూడా అదే. ఉతికి ఎండలో ఆరేస్తే మంచిగనే పని చేసేది. ఇప్పుడు పెట్టెలో ఉన్నవన్నీ పాలిస్టర్ చీరలు. అవి రక్తం పీల్చవు, నీళ్లు పీల్చవు. అందుకే నెల నెలా ప్యాడ్లు కొనాలె. కొన్నవి ఎక్కడ పడేయాలె? వాగు ఒడ్డునో, పొయ్యిలనో. ఒక గుడ్డ మారితే ఆడపిల్ల ఖర్చు మారింది, వాగు మారింది. చీర చవకగా వచ్చింది అన్నరు గానీ ఈ ఖర్చు ఎవరూ కలపలేదు. కట్టెల పొయ్యి దగ్గర నిప్పు అంటుకుంటే పత్తి బట్ట కూడా కాలుతది, కాదనం. కానీ పాలిస్టర్ కరిగి చర్మానికి అతుక్కుంటది.

మూడోది వాగు.

2016లో ఇంగ్లండ్‌లోని ప్లిమత్ విశ్వవిద్యాలయం వాళ్లు మెషిన్‌లో బట్టలు ఉతికి లెక్క చూసిన్రు. 6 కిలోల పాలిస్టర్ బట్టలు ఒక్కసారి ఉతికితే సుమారు 5 లక్షల సన్న పోగులు నీళ్లలోకి వదులుతయని తేలింది. కంటికి కనపడవు, మట్టిలో కుళ్లవు. మనం బండ మీద బాది ఉతుకుతం. ఆ నీళ్లే కింద గూడెం పశువులు తాగుతయ్, చేపలు తాగుతయ్, మనం తాగుతం.

అదే వాగు ఒడ్డుకు ఇంకోటి వస్తున్నది. దానం. పట్నంల బీరువాలు ఖాళీ చేసి, మూటలు కట్టి, వ్యాను నిండా తెస్తరు. విప్పితే జిప్పు పోయిన జీన్సులు, ఒక్క కాలు సాక్స్, మెరుపుల ఫంక్షన్ గౌన్లు, మరకలు పోని లోబట్టలు. మా హాస్టల్‌కు వచ్చినోళ్లు మమ్మల్ని వరుసలో నిలబెట్టిన్రు. బట్ట ఇచ్చేముందు "పైకెత్తి పట్టుకో, నవ్వు" అన్నరు. ఫొటో అయినంక ఆ బట్టల్ల తొడుక్కునేవి సగం కూడా లేవు. మిగతావి ఎక్కడికి పోయినయ్? వెనక గుంతలోకి. తర్వాత నిప్పు. ఆ నల్ల పొగ మెస్‌లోకి వచ్చింది. పట్నం చెత్తను మోసుకుపోయే బండికి పట్నంల పైసలు కట్టాలె. మన గూడేనికి తెస్తే అదే చెత్తకు పుణ్యం వస్తది, దండ కూడా పడుతది.

ఇప్పుడు ఎదురు వాదనలు. అవి కూడా నిజాయితీగా చూడాలె.

"వానాకాలం పాలిస్టర్ తొందరగా ఆరుతది, చిరగదు, చవక." నిజమే. మన అమ్మలు పాలిస్టర్ చీర కొంటే అది వాళ్ల తెలివి తక్కువ కాదు, చేతిల ఉన్న పైసలు అన్నే. అందుకే మేం పాలిస్టర్‌ను పూర్తిగా తీసేయమంటలేం. ఒంటికి తగిలే యూనిఫాంలో నూలు పాలు ఎక్కువ ఉండాలె అంటున్నం. అధికారుల చొక్కాలకు వర్తించే ఉక్కపోత మాకూ వర్తిస్తది.

"యూనిఫాం ఆర్డర్ పోతే సిరిసిల్ల నేత కార్మికులు ఏమైతరు?" మంచి ప్రశ్న. అక్కడి ఆత్మహత్యల గురించి మనకు తెల్సు, వాళ్ల ఆకలి కూడా మన ఆకలే. కానీ సిరిసిల్లలో కాటన్ మగ్గాలు కూడా ఉన్నయ్. ఆర్డర్ ఇచ్చేది సర్కారు, ఏ గుడ్డ కావాలో రాసేది సర్కారు. ఆర్డర్ కాగితం మీద ఒక్క గీత మారితే వాళ్ల పని పోకుండానే మన గుడ్డ మారుతది. వాళ్లను మాకు ఎదురు నిలబెట్టొద్దు.

"అయితే చేనేత కట్టండి" అని పట్నం నుంచి ఇంకో సలహా వస్తది. శ్రీకాకుళం దిక్కు పొందూరులో కొండపత్తి, పునాస పత్తి తోటి ఖద్దరు నేస్తరు. వాలుగ చేప దవడ తోటి పత్తి దువ్వుతరు. ఆ పని ముందు చేతులెత్తి మొక్కాలె. కానీ కొండ మీద ఆ పత్తి పండించేటోళ్లు ఆ ఖద్దరు కొనగలరా? కొనలేని మనిషికి ఏది కట్టాలో చెప్పుడు సలహా కాదు, ఎత్తిపొడుపు.

"పెట్టే చేతిని ఎందుకు తిడతరు?" తిడుతలేం. అడుగుతున్నం. దానం అంటే ఎదుటి మనిషికి ఏం కావాలో అడిగి ఇచ్చేది. మీ ఇంట్ల పిల్లకు తొడగలేని గుడ్డ మా ఇంట్ల పిల్లకు ఎట్ల సరిపోతది?

కాబట్టి ఈ గ్రూపు తరఫున మనం పని మొదలు పెడదాం. మేం అనుకున్నవి ఇవి.

ఒకటి. ప్రతి హాస్టల్‌ల యూనిఫాం నుంచి ఒక పోగు తీసి పరీక్ష చేద్దాం. పట్టకారుతో పట్టుకొని, ఆరుబయట, పక్కన నీళ్ల బకెట్ పెట్టుకొని, పెద్ద క్లాసు వాళ్లే కాల్చాలె. నూలు అయితే కాగితం కాలిన వాసన వచ్చి మెత్తటి బూడిద అయితది. పాలిస్టర్ అయితే ముడుచుకొని, కరిగి, గట్టి నల్ల పూస అయితది. రెండూ కనిపిస్తే కలిపి నేసిన గుడ్డ. ఫొటో తీసి, మండలం పేరు రాసి ఇక్కడ పెట్టండి.

రెండు. గుడ్డలో నూలు ఎంత శాతం, ఆర్డర్‌లో ఏం రాసిన్రు అని సమాచార హక్కు చట్టం కింద అడుగుదాం. దరఖాస్తు నమూనా మేం రాసి పెడతం. జవాబులు వచ్చినంక అన్ని హాస్టళ్లవి కలిపి ఐటీడీఏ పీఓ గారికి ఒక్కటే వినతిపత్రం ఇద్దాం. ఒక్కరం పోతే చెప్పుల దగ్గరనే నిలబెడతరు, వందమందిమి పోతే కుర్చీ వేస్తరు.

మూడు. పాత బట్టలు తెచ్చేటోళ్లకు మన షరతులు ముందే చెప్దాం. ఉతికినవి, చిరగనివి, మేం అడిగిన సైజులు. ఫొటో లేదు. మిగిలినవి వాళ్లే తీసుకపోవాలె. ఒప్పుకోకపోతే "వద్దు" అనుడు నేర్చుకుందాం. వద్దు అన్నంత మాత్రాన మనం బీదరికం మరిచిపోయినట్టు కాదు.

నాలుగు. సెలవులకు ఇంటికి పోయినప్పుడు నాయనతో కొట్లాడకుండా మాట్లాడండి. మందు కొట్టిన బట్టలు వేరుగా ఉతకాలె. చిన్న పిల్లలు ఆ చేన్లకు రావొద్దు. రశీదు లేని విత్తనం కొనొద్దు. పత్తి మధ్యల కంది సాళ్లు, గట్టు పొంటి జొన్న సాళ్లు మళ్లీ వేయొచ్చు. 1996 పెసా చట్టం మనకు గ్రామసభ ఇచ్చింది. గడ్డి మందు ముచ్చట, అనుమతి లేని విత్తనం ముచ్చట ఆ సభల ఎత్తండి, తీర్మానం రాయించండి.

జల్, జంగల్, జమీన్ అని మనం అరుస్తం. ఒంటి మీది గుడ్డ ఆ మూడింటికీ బయట లేదు. జమీన్‌ల పుట్టి, జల్‌ల కలుస్తది. పండించినోళ్లకు మంచి గుడ్డ అడిగే హక్కు అందరికంటే ముందు ఉంటది. మనం అడుక్కుంటలేం, మన చేను నుంచి పోయిన దాంట్లో మన వంతు అడుగుతున్నం.

పోగు పరీక్ష ఫొటోలు ఈ ఆదివారం లోపల పెట్టండి. మొదటి ఫొటో మా హాస్టల్‌దే ఉంటది.

జై ఆదివాసీ.