చిప్పల పెంపకమునకు చోటెన్నిక

గుఱ్ఱంకొండకు సముద్రము దూరము. అయినను తీరమున రొయ్యల చెరువులలోను, ఆలిచిప్పల పెంపకములోను పెట్టుబడి పెట్టుదుమా యను మాట మన సంఘ సభ్యులలోను వినవచ్చుచున్నది. వేరుసెనగ, టమాటా ధరల యొడుదొడుకులకు విసిగిన రైతు క్రొత్త దారి వెదకుట తప్పు గాదు. కాని యీ సేద్యమున లాభనష్టములను మొదట నిర్ణయించునది ధర కాదు, చోటు. చోటు పరీక్షింపక సభ్యుడు అప్పు చేయరాదనియు, సంఘము అప్పియ్యరాదనియు మా యభిప్రాయము.

విత్తుటకు ముందు నేల చూచుట మన కలవాటు. చిప్పల సేద్యమున నేలకంటె ముందు నీటిని చూడవలయును. ఆలిచిప్ప ఒకచోట నంటుకొనిన పిమ్మట కదలదు. తన యొద్దకు వచ్చిన నీటిని వడగట్టి, అందలి సూక్ష్మజీవులను తిని పెరుగును. మేత వేయ బనిలేదు. ఇదియే దాని మేలు, ఇదియే దాని యపాయము. ఆ నీట పట్టణపు మురుగున్నచో రోగక్రిములను, కర్మాగారపు విషమున్నచో దానిని గూడ తన దేహమున కూడబెట్టుకొనును. చిప్ప బ్రదికియే యుండును, తిన్నవాడు జబ్బుపడును. కావున మురుగు కాలువలకు, కర్మాగారముల నీరు కలియు తావులకు చేరువనున్న చోటు ఎంత చౌకగా దొరకినను విడువవలయును.

రెండవది ఉప్పదనము. సముద్రపు నీట లీటరునకు సుమారు 35 గ్రాముల ఉప్పుండును. నదులు కలియు చోట్ల నిది ఋతువును బట్టి మారును. కాకినాడ అఖాతమునకు హోప్ దీవి అలల నుండి కాపుదల యిచ్చుచున్నది. కాని గోదావరికి వరద వచ్చినపుడు అచ్చటి నీటి యుప్పదనము తగ్గును. పులికాటు సరస్సు ఉత్తరభాగము వేసవిలో చాలవరకు ఎండును. మిగిలిన నీరు మిక్కిలి ఉప్పనగును. ఏడాదికొకనాడు పోయి చూచివచ్చిన వానికి ఈ మార్పులు కానరావు. కేరళమున పడన్న ప్రాంతమువారు వర్షములు వెలిసిన పిదప ఉప్పుటేరులలో చిప్పల త్రాళ్లను కట్టి, మరల వర్షములు రాకమునుపే కోసికొందురు. చోటుతోపాటు కాలమును గూడ నెన్నుకొనవలయునని దీనివలన తెలియుచున్నది.

ప్రవాహము మందమైన బురద కప్పును. వడి హెచ్చైన త్రాళ్లు తెగును. సముద్రపు పాటు వేళ సైతము చాలినంత నీరు నిలువవలయును. జాలరుల పడవదారికిని, వలలు వేయు తావునకును మన పెట్టుబడి అడ్డు గారాదు.

రొయ్యల చెరువుల చరిత్ర మనకు చాలిన హెచ్చరిక. 1990 దశకపు తొలినాళ్లలో నెల్లూరు మొదలగు తీరప్రాంతములలో చెరువులు విరివిగా త్రవ్వబడినవి. 1994లో తెగులు సోకి అనేకుల పెట్టుబడి మునిగెను. పొలములును మంచినీటి నూతులును ఉప్పుబారుచున్నవన్న మొఱ న్యాయస్థానమునకు చేరెను. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు, తీరనియంత్రణ మండలమునను, పులికాటు, చిల్కా సరస్సులకు 1000 మీటర్ల లోపలను రొయ్యల చెరువులు త్రవ్వరాదని తీర్పు చెప్పెను. 2005లో చట్టము వచ్చి, తీరప్రాంత జలసేద్యమునకు ప్రత్యేక ప్రాధికార సంస్థ ఏర్పడెను. చోటు తప్పినవాని నష్టము వానితో ఆగదు. పొరుగు రైతు నూతిలోనికిని చేరును. ఈ కారణముననే ఉప్పునీటిని మన మెట్టప్రాంతమునకు తెచ్చి పెంపకము చేయుదమను యోచనను మే మొప్పుకొనము. మన నూతులు ఒకసారి ఉప్పుబారిన, వాటిని బాగుచేయుట ఒక తరముతో తీరునది గాదు.

కావున సంఘ పాలకవర్గమునకు మా సూచన యిది. అప్పు కోరు సభ్యుడు ఆ చోటి నీటి యుప్పదనమును పండ్రెండు నెలలు, నెలనెలకును కొలిపించిన పట్టికను, నీటి శుద్ధతను గూర్చిన పరీక్షాపత్రమును, చట్టమునకు లోబడిన యనుమతిని చూపవలయును. ఈ మూడును లేని దరఖాస్తును, దళారి ఎంత లాభము చూపినను, త్రోసిపుచ్చవలయును. సంఘపు ధనము సభ్యులందరి చెమట. ఏడాది యాగిన నష్టము లేదు. చోటు తప్పిన తిరుగు లేదు.