ఎక్కని రైలుకు టికెట్లు కొన్న నెక్కొండ

వరంగల్ నుంచి మానుకోట దిక్కు రైల్ల పోతుంటె నడుమల నెక్కొండ వస్తది. నర్సంపేట దిక్కు ఊర్లన్నిటికి అక్కరకొచ్చే టేషన్ అదే. 2024 మొదట్ల అక్కడి జనం ఒక పని చేసిన్రు. వాట్సాప్ గ్రూపు పెట్టుకొని, తలా కొన్ని పైసలేసుకొని, రోజూ కౌంటర్ కాడికి పోయి టికెట్లు కొన్నరు. రైలు మాత్రం ఎక్కలే. ఎక్స్‌ప్రెస్ హాల్ట్ నిలవాల్నంటె మూడు నెలల్ల ఇంత ఆదాయం రావాలె అని షరతు ఉండె. అంతకుముందు ఇంకో బండి హాల్ట్ ఆదాయం లేదనే పోయింది మరి.

పేపర్లు, టీవీలు దీన్ని ఊరి ఐకమత్యం ముచ్చటగ చూపెట్టినయ్. ఐకమత్యమే, కాదన. కని నాకైతే కోపమొచ్చింది. మన ఊర్ల బండి ఆగనీకె మనమే జుర్మానా కట్టుకోవాల్నా?

అసలు ఈ ఆదాయం లెక్క ఎట్ల తీస్తరో జర చూడున్రి. టికెట్ ఏ టేషన్ల అమ్మితె ఆ పైసలు ఆ టేషన్ ఖాతల పడతయ్. నెక్కొండ పిలగాడు పొద్దుగాల వరంగల్ పోతడు, మాపటికి వరంగల్ల టికెట్ కొని వాపస్ వస్తడు. దిగేది నెక్కొండల, లెక్క వరంగల్‌ది. నెల పాస్ వరంగల్ల తీసుకున్నా అంతే. చిన్న టేషన్ల దిగెటోళ్లు ఎవ్వరి లెక్కల ఉండరు. ఎలుగూరు, ఇంటికన్నె, తాళ్లపూసపల్లి అసొంటి టేషన్లది గూడ ఇదే కత.

ఇంకో ముచ్చట. 2020 మార్చిల కరోనాకు రైళ్లు బంద్ పెట్టిన్రు. మళ్ల నడిపినప్పుడు అదే ప్యాసింజర్ బండికి ఎక్స్‌ప్రెస్ అని పేరు పెట్టి, పది రూపాల కనీస టికెట్‌ను 30 చేసిన్రు. అవే డబ్బలు, అవే టేషన్లు. కైకిలికి పొయ్యెటోడు రానుపోను 60 రూపాలు ఏడికెల్లి తెస్తడు? 2024 ఫిబ్రవరిల మళ్ల పదికి దించిన్రు గని, అప్పటికే జనం ఆటోలకు, బండ్లకు అలవాటు పడ్డరు. 2023 డిసెంబర్ల ఆడోళ్లకు ఆర్టీసీ బస్సు ఫ్రీ అయింది. ఆ పథకాన్ని నేను తప్పు పట్ట, అది అక్కరున్న పథకమే. కాకపోతె టేషన్‌కు వచ్చే జనంల సగంమంది అటు మళ్లితె కౌంటర్ల టికెట్లు తగ్గవా? ముందు బండ్లు తీసి, రేటు పెంచి, టైం తప్పించి, ఆఖరికి “ఎక్కెటోళ్లు లేరు” అంటె ఏమనాలె?

రైల్వే మాట గూడ ఇనాలె. ప్రతి ఊర్ల ఎక్స్‌ప్రెస్ ఆపితె అది ఎక్స్‌ప్రెస్ ఎట్లయితది? నిజమే. అందుకే నేను హాల్ట్ కంటె ముందు ప్యాసింజర్ అడుగుత. పొద్దుగాల కాలేజీ టైంకు వరంగల్ చేరాలె, మాపటికి పని ఇడిసినంక వాపస్ రావాలె. ఇప్పుడు ఏమైతాంది? 2023 జనవరిల సికింద్రాబాద్ నుంచి విశాఖకు మొదలైన వందే భారత్ ఇదే పట్టా మీద ఉరుకుతది. అసొంటి బండ్లకు దారియ్యనీకె మన బండిని లూప్ లైన్ల నిలబెడతరు. ఎప్పుడొస్తదో తెల్వని బండిని నమ్ముకొని ఎవడు పనికి పోతడు? 2025 మేల వరంగల్ టేషన్‌ను కొత్తగ చేసి ప్రారంభించిన్రు, చూడనీకె మస్తుగున్నది. ఆడికి చేరే బండి గురించి మాత్రం ఎవ్వరూ మాట్లాడరు.

తమ్మీ, చెల్లె, ఎక్కని టికెట్లు ఎన్ని నెలలని కొంటం? పది రూపాల పోస్టల్ ఆర్డర్ పెట్టి సికింద్రాబాద్ డివిజన్‌కు ఆర్టీఐ రాయున్రి. 2019ల మీ టేషన్ల ఎన్ని బండ్లు ఆగినయ్, ఏ టైంకు ఆగినయ్, ఎన్ని టికెట్లు అమ్మిన్రు? ఇప్పుడెన్ని? మీ టేషన్‌కు వేరే టేషన్లల్ల అమ్మిన టికెట్లెన్ని? ఈ మూడో ప్రశ్న మరువకున్రి. జవాబొచ్చినంక దాన్నే పట్టుకొని ఎంపీ కాడికి పోదాం. ఊరూరికి ఎవరు ఏ టైంకు ఏడికి పోతరో ఒక కాయితం మీద రాసి దానికి జత చెయ్యున్రి.